చిత్రిక పట్టడం

మన రచయితలకూ విమర్శకులకూ బాగా ఇష్టమైన మాట ఒకటుంది: చిత్రిక పట్టడం. ఫలానా కథకుడు జీవితాన్ని చిత్రిక పట్టాడంటారు, ఫలానా కవి ప్రతి పాదాన్నీ చిత్రిక పట్టి వదిలాడంటారు. ముందుమాటల్లోనూ సమీక్షల్లోనూ ఈ మాట తగలని పుస్తకం అరుదు. ఇంతగా వాడేవారిలో చిత్రికను చేత్తో పట్టుకున్నవారు ఎందరో అన్న సందేహం నాకు చాలాకాలంగా ఉంది. (కవిగారు అలిగితే నా పూచీ లేదు.)

చిత్రిక వడ్రంగి పనిముట్టు. దిమ్మ నడుమ ఏటవాలుగా ఒక ఉక్కు పలుగు బిగించి ఉంటుంది. కర్ర మీద పెట్టి తోస్తే పలుచని పొరలు చుట్టలు చుట్టలుగా పైకి లేస్తాయి. అడుగున నునుపు తేలుతుంది. కొన్ని చోట్ల దీన్ని తోపడా అంటారు, తెలంగాణలో రందా అంటారు. వడ్రంగం నుంచి మన సాహిత్యానికి వచ్చిన మాట ఇదొక్కటే కాదు. సాన పట్టడం ఉంది, పదును ఉంది, అన్నిటికన్నా గొప్పది చేవ ఉంది. మానులో నడిమి ముదురు భాగం చేవ. దాని చుట్టూ లేతరంగులో ఉండే భాగంలో చెట్టుకు కావలసిన నీరు ప్రవహిస్తుంది, పిండిపదార్థం నిలవ ఉంటుంది; పురుగులకు అది విందు. చేవలో ఆ ప్రవాహం ఆగిపోయి, చెట్టు తయారుచేసుకున్న నూనెలూ తదితర రసాయనాలూ పేరుకుంటాయి. టేకుకు చెద పట్టదని మనం చెప్పుకునేది ఈ చేవకు వర్తించే మాట. తెల్లగా ఉన్న అంచుకర్ర టేకుదే అయినా చెద నిశ్చింతగా తినేస్తుంది. కాబట్టి ఎవరినైనా "చేవ గలవాడు" అన్నప్పుడు ఎంత కచ్చితమైన శాస్త్రం మాట్లాడుతున్నామో ఒకసారి తలచుకోవాలి.

మాటల సంగతి మనకెప్పుడూ ఉన్నదే. ఈసారి పనిముట్ల సంగతి కూడా రాయాలనిపించింది. దానికో కారణముంది.

పట్టణాల్లో ఇప్పుడు చిన్న పనికి వడ్రంగి దొరకడు. ఇందులో అతని తప్పేమీ లేదు. ఒక తలుపు అంచు నూలుమందం తీయడానికీ, ఒక కుర్చీ కాలు బిగించడానికీ సంచి సర్దుకుని, బండి మీద అరగంట ప్రయాణం చేసి వస్తే, ఆ పూట పెద్ద పని పోతుంది. ఆ నష్టాన్ని మనం భరించం, అతను భరించలేడు. ఫలితం ఏమిటంటే, పావుగంటలో బాగయ్యే వస్తువు వీధిలోకి పోతుంది. మంచి టేకు కుర్చీ పోయి, దాని స్థానంలో రంపపుపొట్టును జిగురుతో అచ్చుపోసిన చెక్క వస్తుంది. ఆ చెక్క నాలుగేళ్ళకు మళ్ళీ వీధిలోకే. ఈ వరస ఆపడానికి మనమందరం వడ్రంగులం కానక్కరలేదు. ఇంట్లో ఒక చిన్న పెట్టె, అందులో నిజంగా పదునున్న అరడజను పనిముట్లు ఉంటే చాలు.

*

ఏం కొనాలి? దుకాణానికి వెళ్ళగానే వంద ముక్కలున్న ప్లాస్టిక్ పెట్టె ఒకటి చూపిస్తారు. దాని జోలికి పోవద్దు. నా లెక్క ఇది: అర అంగుళం ఉలి ఒకటి, ముప్పావు అంగుళం ఉలి ఒకటి, మేకులు పీకే కొమ్మున్న సుత్తి, ఉలిని కొట్టడానికి కొయ్య సుత్తి, చిన్న పళ్ళ రంపం, ఒక చిత్రిక, మూలమట్టం, రెండు మూడు సైజుల స్క్రూడ్రైవర్లు, ఒక కరెంటు డ్రిల్లు, రెండు వైపులా వాడే సానరాయి. ఈ జాబితాలో ఎక్కువమంది వదిలేసేది చివరిది. నేను మొట్టమొదట కొనమనేది అదే.

కొనేముందు మూలమట్టాన్ని అక్కడికక్కడే పరీక్షించవచ్చు. సరళమైన అంచున్న చెక్కకు దాన్ని ఆనించి ఒక గీత గీయండి. తరువాత మట్టాన్ని తిరగవేసి, అదే చోటినుంచి రెండో గీత గీయండి. రెండూ ఒకటైతే మట్టం నిజం చెబుతున్నట్లు. రెంటి మధ్య సందు కనిపిస్తే, అసలు దోషం ఆ సందులో సగం. రసమట్టానికీ ఇదే సూత్రం: ఒకే చోట తల అటూ ఇటూ మార్చి పెట్టినా బుడగ ఒకేచోట నిలవాలి.

సూత్రం అంటే గుర్తొచ్చింది. సంస్కృతంలో సూత్రధారుడంటే నాటకం నడిపేవాడే కాదు, కొలతనూలు చేత పట్టిన శిల్పి, వడ్రంగి కూడా. మరాఠీలో వడ్రంగి 'సుతార్'. తెలంగాణలో తాపీ మేస్త్రీని సుతారి అంటారు. అంగుళంలో ఎనిమిదో వంతును మన పనివాళ్ళు నూలు అనీ, సూత్ అనీ అంటారు; రెండింటికీ అర్థం దారమే. భాషలు వేరైనా చేతిలోని దారం ఒకటే.

రంపం విషయంలో ఒక్క మాట. కర్రను నిలువునా కోసే రంపం పళ్ళు వరసగా నిలబెట్టిన చిన్న చిన్న ఉలుల్లా ఉంటాయి. అడ్డంగా కోసే రంపం పళ్ళు కత్తిమొనల్లా ఉంటాయి, ఎందుకంటే అవి నారను ముందు తెంపాలి. ఒకదాని పని రెండోదానితో చేస్తే చెయ్యి నొప్పి పుడుతుంది, కోత చింపిరిగా వస్తుంది. ఇప్పుడు వస్తున్న రంపాల్లో పళ్ళకొసలు నీలంగా కమిలి ఉన్నవి కనిపిస్తాయి. ఆ కొసలను మరీ గట్టిపరుస్తారు గనుక వాటి మీద ఆకురాయి పనిచేయదు, మొండిబారితే పారవేయడమే. పాతరకం రంపానికి ముక్కోణపు ఆకురాయి ఉంటే జీవితాంతం పదును పెట్టుకోవచ్చు.

*

పదును గురించి కొంచెం వివరంగా చెప్పాలి. మొండి ఉలి ప్రమాదకరం, పదునైన ఉలి కాదు. వినడానికి వింతగా ఉంటుంది గానీ కారణం తేలిక. మొండి ఉలికి బలం ఎక్కువ పెట్టాలి. బలం ఎక్కువైనప్పుడు అది జారుతుంది. జారినప్పుడు ఎక్కడ ఆగుతుందో మన చేతిలో ఉండదు.

దుకాణంలో కొన్న ఉలి పదునుగా ఉండదు, దానికి ఆకారం మాత్రమే ఉంటుంది. ముందుగా దాని వీపును, అంటే వాలు లేని చదునైన వైపును, సానరాయి మీద పరిచి కొస దగ్గర ఒక అంగుళం మేర అద్దంలా అయ్యేదాకా రుద్దాలి. ఇది ఒక్కసారి చేస్తే చాలు. ఎక్కువమంది ఈ పని చేయరు, చేయకపోవడం వల్లే పదును రాదు. పదునంటే రెండు తలాలు కలిసే గీత. ఒక తలం గరుకుగా ఉంటే గీత కూడా గరుకుగానే ఉంటుంది. తరువాత వాలు వైపు. దాన్ని సుమారు 25 డిగ్రీల కోణంలో అరగదీసి, కొసకు మాత్రం 30 డిగ్రీల కోణంలో చివరి నాలుగు రుద్దులు ఇవ్వాలి. రాయి మీద రెండు చుక్కల నూనె వేస్తే రజను రాతి రంధ్రాల్లో ఇరుక్కోకుండా తేలుతుంది. కాసేపటికి వీపు వైపు వేలితో తడిమితే (అంచు వెంబడి కాదు, అంచు నుంచి బయటికి) సన్నని రేకు ఒకటి గీరుకుంటుంది. వాలు పని అయిందనడానికి అదే గుర్తు. ఇక ఉలిని తిరగేసి, వీపును సన్నవైపు రాతి మీద పూర్తిగా పరచి రెండుసార్లు లాగితే రేకు రాలిపోతుంది. పాత తోలు బెల్టు మీద పదిసార్లు వెనక్కు లాగితే ఇంకా మంచిది.

ఇప్పుడు మనం వాడే బూడిదరంగు సానరాళ్ళు చాలావరకు కార్బొరండంతో చేసినవి. అమెరికాలో ఎడ్వర్డ్ అచెసన్ 1891లో కృత్రిమ వజ్రాల కోసం ప్రయత్నిస్తుంటే ఈ పదార్థం చేతికొచ్చింది. వజ్రాలు రాకపోవడమే లోకానికి మేలైంది.

తొందరపడి కరెంటు సానచక్రం దగ్గరకు వెళ్ళేవారికి హెచ్చరిక. ఉలి కొస నీలిరంగుకు తిరిగిందంటే ఆ ఉక్కులోని గట్టిదనం పోయినట్లే. ఆ నీలం ఉన్నంతమేరా అరగదీసి పారేస్తే తప్ప పదును నిలవదు. నిమిషానికి నాలుగుసార్లు నీళ్ళలో ముంచుతూ పనిచేయాలి. లేదా చక్రం మాని చేతిరాతితో సరిపెట్టుకోవాలి.

*

వానాకాలం తలుపు దగ్గరికి వద్దాం. ఆగస్టు వచ్చేసరికి మన ఇళ్ళలో సగం తలుపులు బిగుసుకుంటాయి. కర్ర గాలిలోని తేమను పీల్చి ఉబ్బుతుంది, ఎండల్లో వదిలి ముడుచుకుంటుంది. ఈ కదలిక అన్ని దిక్కులా ఒకేలా ఉండదు. నార వెంబడి పొడవు మారదనే చెప్పవచ్చు. అడ్డంగా మారుతుంది, అందులోనూ మాను వలయాల వెంబడి వచ్చే మార్పు, నడిమి నుంచి బెరడువైపు వచ్చే మార్పుకు దాదాపు రెట్టింపు. అందుకే తలుపు ఎత్తు పెరగదు, వెడల్పు పెరుగుతుంది.

పాతకాలపు వడ్రంగులకు ఇది తెలుసు. వారు చేసిన తలుపు రెక్కను గమనించండి. నాలుగు వైపులా చట్రం, దాని లోపలి అంచుల్లో గాడి, ఆ గాడిలో పలక. పలకకు జిగురు పెట్టరు, మేకు కొట్టరు. గాడిలో అది ఊపిరి పీల్చుకునేంత చోటు వదులుతారు. రంగులు వేసేవారు ఆ సందులో లప్పం కూరి మూసేస్తే కొన్నేళ్ళకు పలక నడుమ చీలుతుంది. చీలినందుకు కర్రను తిడతారు.

బిగిసిన తలుపును చూడగానే చిత్రిక తీయకూడదు. మొదట బందులు చూడాలి. తలుపును సగం తెరిచి, పిడి పట్టుకుని పైకి ఎత్తండి. కదిలితే జబ్బు కర్రలో లేదు, పై బందు మరల్లో ఉంది. ఆ మరలు వదులైనప్పుడు రెక్క ఒరిగి, పిడివైపు పైమూల ద్వారబంధానికి తగులుతుంది, లేదా కిందిమూల గచ్చు గీకుతుంది. మర ఊరికే తిరుగుతుంటే రంధ్రం అరిగిపోయినట్లు. మరను తీసి, వెలిగించి అయిపోయిన అగరువత్తుల వెదురుపుల్లలు నాలుగైదు జిగురులో ముంచి రంధ్రంలో బిగుతుగా దిగేయండి. ఒక రాత్రి ఆరనిచ్చి, పొడుచుకొచ్చినదాన్ని ఉలితో కోసి, సన్నని డ్రిల్లు పుల్లతో కొత్త రంధ్రం వేసి మర బిగించండి. ఏ పుల్ల సరిపోతుందో తెలియాలంటే దాన్ని మరకు ముందు పట్టుకుని చూడాలి: మర కాండం పుల్ల వెనక దాగిపోవాలి, అంచులు మాత్రం రెండు వైపులా కనిపించాలి. ఇత్తడి మరలు మెత్తన, టేకులో తల విరుగుతాయి. ముందు అదే కొలత ఇనుపమరను ఎక్కించి, తీసి, ఆ తరువాత ఇత్తడిది బిగిస్తే విరగదు. మరకు కొవ్వొత్తి మైనం రాయండి. సబ్బు వద్దు, అది తేమను పట్టి తుప్పు తెస్తుంది.

బందులు గట్టిగానే ఉండి, తలుపు ఇంకా ఆనుతుంటే ద్వారబంధానికి సుద్ద రాసి తలుపు వేసి తీయండి. ఎక్కడ సుద్ద అంటితే అక్కడే దోషం. వీలైతే వానలు వెనకబట్టేదాకా ఆగండి. ఆగస్టులో సరిపోయేట్టు తీసిన తలుపుకు ఏప్రిల్‌లో వేలు దూరేంత సందు వస్తుంది. ఆగలేకపోతే తగిలినచోట మాత్రం, ఒక్కొక్క పొరే తీయండి. చిత్రిక నారకు ఎదురు నడిస్తే కర్ర పెచ్చులు లేస్తుంది; పిల్లి వీపును తోకవైపు నుంచి నిమిరినట్టు. అలా లేస్తే దిశ మార్చండి. పైఅంచు తీయవలసివస్తే రెండు మూలల నుంచి నడుమకు తోయాలి తప్ప ఈ కొసనుంచి ఆ కొసకు తోయకూడదు. ఆఖరి మూల చీలిపోతుంది. పని కాగానే తీసిన అంచుకు రంగో వార్నీషో పట్టించాలి. మన ఇళ్ళ తలుపుల్లో పైఅంచూ కిందిఅంచూ ఎప్పుడూ పచ్చిగానే మిగిలిపోతాయి. నార కొసలు తెరుచుకుని ఉండేచోట్లు ఇవి. నీరు కర్ర పక్కల నుంచి కన్నా ఈ కొసల నుంచి ఎన్నో రెట్లు వేగంగా ఎక్కుతుంది.

*

ఇదంతా సరదా వ్యవహారమనిపించవచ్చు. నాకూ కొన్నాళ్ళ క్రితం వరకు సరదాయే.

మా అమ్మకు డెబ్భై ఎనిమిదేళ్ళు. మోకాళ్ళ నొప్పి. ఇంట్లో ఆమె కూర్చోగలిగేదీ, ఒకరి సాయం లేకుండా లేవగలిగేదీ ఒక్క కుర్చీ నుంచే. చేతులున్న పాత టేకు కుర్చీ. దాని ఎత్తూ, చేతుల వాలూ ఆమె ఒంటికి అలవాటు. లేచేటప్పుడు ఆమె బరువంతా ఆ రెండు చేతుల మీదే పడుతుంది. వెనక కాలి కుసి వదులైంది. కుర్చీ పక్కకు ఊగడం మొదలుపెట్టింది. ఆ వయసులో ఒక్కసారి పడితే తుంటి ఎముక సంగతి ఏమవుతుందో మా బంధువుల ఇళ్ళలో చూసి ఉన్నాం. ముగ్గురు పనివాళ్ళు వస్తామని రాలేదు. దుకాణంలో చూసిన కొత్త కుర్చీలన్నీ ఆమెకు పల్లం. "నన్ను మంచానికి కట్టేస్తారట్రా?" అని అడిగింది.

మా ఊళ్ళో పని మానేసి ఇంటిపట్టున ఉంటున్న ఆచారిగారికి ఫోను చేశాను. అంతా విని, "మేకులేమైనా కొట్టి ఉన్నాయా బాబూ?" అని అడిగారు. ఉన్నాయన్నాను, ఎప్పుడో ఎవరో కొట్టినవి. "ముందవి పీకండి. మేకుండగా కుసి విడిపించబోతే బెజ్జం చీలుద్ది. విడగొట్టేముందు అన్నిటికీ గుర్తులు పెట్టుకోండి. తొందరపడకండి, కుర్చీ ఎక్కడికీ పోదు" అన్నారు.

ప్రతి అతుకుకూ సుద్దతో అ, ఆ, ఇ, ఈ రాసుకున్నాను. మేకులు తీశాను. కొయ్య సుత్తితో, నడుమ గుడ్డ చుట్టిన చెక్కముక్క పెట్టి, నెమ్మదిగా విడదీశాను. కుసి మీద పాత జిగురు పెంకులా ఉంది. ఇక్కడే అసలు కిటుకు ఉంది. ఎండిన జిగురు మీద కొత్త జిగురు పట్టదు. జిగురు కర్రలోకి ఇంకాలి. పూర్వం వాడిన పశుచర్మపు జిగురు వేడికీ తడికీ మెత్తబడేది, మరమ్మతుకు అనుకూలం. మన దేశంలో 1959లో ఫెవికాల్ వచ్చాక తెల్లజిగురు ఇంటింటి మాటైంది. అది గట్టిదే గానీ వదిలించడం కష్టం. గోరువెచ్చని వెనిగర్ గుడ్డతో అద్ది ఉంచితే మెత్తబడుతుంది, తరువాత ఉలితో గీకాలి. టేకులో సహజంగానే నూనె ఉంటుంది గనుక జిగురు రాసే ముందు కొత్త కర్ర బయటపడేదాకా సన్నగా గీకి, స్పిరిటుతో తుడిచాను.

గీకాక కుసి బెజ్జంలో లొడలొడలాడింది. అప్పుడు చిత్రిక పనికొచ్చింది. ఒక టేకుముక్క మీద తోసి తీసిన పలుచని పొరను కుసి బుగ్గలకు అంటించి, ఆరాక మళ్ళీ సరిచేశాను. చేత్తో నొక్కితే దిగాలి, వదిలితే ఊడిపడకూడదు. అదీ సరైన బిగువు. జిగురు పెట్టి కూర్చాక, బిగించడానికి యంత్రమేమీ అక్కరలేదు. కాళ్ళ చుట్టూ తాడు రెండు చుట్లు చుట్టి, నడుమ ఒక కర్ర దూర్చి మెలితిప్పితే ఎంత కావాలంటే అంత బిగుస్తుంది. తాడు కర్రను ఒత్తకుండా మూలల్లో గుడ్డ పెట్టాలి. ఆ వెంటనే ఎదురెదురు మూలల కొలతలు రెండూ తీసి చూడాలి. సమానంగా ఉంటే చట్రం సరిగా ఉన్నట్లు. తేడా ఉంటే పొడవున్న మూలల్ని దగ్గరకు నొక్కాలి, జిగురు తడిగా ఉండగానే. మర్నాటిదాకా ముట్టుకోలేదు.

మూడో రోజు అమ్మను కూర్చోనిచ్చే ముందు నేను కూర్చుని అటూ ఇటూ ఊగి చూశాను. తరువాత ఆమె కూర్చుంది, రెండు చేతులూ ఆనించి లేచింది. మళ్ళీ కూర్చుంది. "ఎత్తేం తగ్గలేదుగా" అంది. అంతే. ఇంట్లో ఒక మనిషి తనంతట తాను లేవగలగడమన్నది అరంగుళం మందం గల కుసి మీద ఆధారపడి ఉందని అంతకుముందు నాకు తోచలేదు.

*

రెండు జాగ్రత్తలు. మొదటిది: ఉలి పట్టినప్పుడు రెండు చేతులూ దాని పదునుకు వెనకే ఉండాలి. కర్రను ఒక చేత్తో పట్టుకుని ఇంకో చేత్తో దానివైపు ఉలి తోయడం ఎప్పుడూ పనికిరాదు. ఉలి బల్ల మీంచి జారితే పట్టుకోబోకుండా కాళ్ళు వెనక్కు తీయండి. రెండోది: పొట్టు. కర్రధూళిని ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి కేన్సరు పరిశోధన సంస్థ 1995లోనే మనుషులకు కేన్సరు కలిగించే పదార్థాల జాబితాలో చేర్చింది. చిత్రిక పొరలతో భయం లేదు; గరుకుకాగితం రుద్దినప్పుడు లేచే పొడితోనే భయం. ముక్కుకు మాస్కు కట్టుకోండి, గది కిటికీలు తెరవండి. జీవితమంతా ఆ పొడిలోనే గడిపిన వడ్రంగులకు ఈ సంగతి ఎవరు చెప్పారో, ఎంతమందికి చెప్పారో!

ప్లైవుడ్ కొనేవారికి ఇంకొక మాట. దాని మీద 'ఎమ్.ఆర్.' అని ఉంటే గాలితేమకు ఓర్చుతుందని మాత్రమే అర్థం, నీటికి ఓర్చుతుందని కాదు. వంటింటి తొట్టి కింద పెట్టే చెక్కకు ఐ.ఎస్. 710 ముద్ర చూసి తీసుకోండి.

ఈ టపాలో నేను వాడిన పేర్లు కొన్ని మీ ప్రాంతంలో వేరుగా ఉండవచ్చు. బాడిశ, బర్మా, గూటం, పట్టకారు, తరిణె లాంటి మాటలు ఒక్కో జిల్లాలో ఒక్కోలా వినిపిస్తాయి. కుసి దూరే బెజ్జానికి మీ వైపు ప్రత్యేకంగా పేరేమైనా ఉందా? చిత్రిక తీసిన చుట్టల పొట్టును ఏమంటారు? మీ వీధిలో వృద్ధుడైన వడ్రంగి ఉంటే అడిగి, ఆయన చెప్పింది చెప్పినట్టుగా రాసి పంపండి. ఆయన తీరిక చూసుకుని వెళ్ళండి. వీలైతే పాత ఉలి ఒకటి పట్టుకెళ్ళి, పదును పెట్టడం చూపించమనండి.